సువాసన దేవుని వరమే

ధ్యాన భాగములు: యోబు 14:7–9, యోహాను 11:38–44, 12:1–8



మా సంఘము గుండ్లకమ్మ యేటికి దగ్గరలోని ఒక చిన్న పల్లెలో నున్నది. 2022వ సంవత్సరము జూన్ మాసములో ఒక ఆదివారమున, ఆరాధన జరుగుచుండగా తొలకరి వాన కురిసెను. వేసవి అంతయు ఎండి నెఱ్ఱెలు విచ్చిన నల్లరేగడి మీద మొదటి చినుకులు పడగానే మట్టి వాసన కిటికీలలోనుండి గుప్పున లోపలికి వచ్చెను. నేను అప్పుడు ప్రసంగము మధ్యలో నుంటిని. స్త్రీల వరుసలో గోడకు ఆనుకొని కూర్చున్న ఒక వృద్ధురాలు కన్నులు మూసికొని, రొమ్ము నిండ గాలి పీల్చి, అందరికి వినబడునట్లు "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అనెను. పిమ్మట కొంగుతో ముఖము కప్పుకొని యేడ్చెను.

ఆరాధన ముగిసిన తరువాత మా సంఘపెద్దలలో ఒకరు నాయొద్దకు వచ్చిరి. ఆయన భక్తిగల మనుష్యుడు. ఆయన మాటలో ద్వేషము లేదు. "అయ్యగారూ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. వాక్యం వినేటప్పుడు మట్టి వాసనకు మనసు పోనివ్వడం భక్తేనా? ముక్కుకు ఇంపుగా ఉన్నదానికి స్తోత్రం చెప్పడం శరీరాశకు స్తోత్రం చెప్పినట్టు కాదా?" అని అడిగిరి. చాల యేండ్ల క్రిందట, స్త్రీలు మల్లెపూలు పెట్టుకొని గుడికి రాకూడదని చెప్పినవారును ఆయనే. నేను వెంటనే ఉత్తరమియ్యలేకపోతిని. ఆ ప్రశ్నను ఇంటికి తీసికొనిపోయి, అనేక దినములు వాక్యము ఎదుట ఉంచితిని. నాకు దొరికిన ఉత్తరమును, అది వాక్యములో కొంత, ఆ వృద్ధురాలి జీవితములో కొంత దొరికిన విధమును మీతో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1. ముక్కును చేసినవాడెవడు?

దేవుడు నేలమంటితో నరుని నిర్మించినప్పుడు జీవవాయువును ఊదినది నాసికారంధ్రములలోనే (ఆదికాండము 2:7). మనము వాసన చూచుటయు, ప్రాణము నిలుపుకొనుటయు ఒకే ద్వారమున జరుగుచున్నవి. ఊపిరి పీల్చక వాసన చూచుట సాధ్యము కాదు; బ్రదికియున్నంత కాలము ఏదో యొక వాసన మనయొద్దకు వచ్చుచునే యుండును. కన్నులు మూసికొనవచ్చును గాని ముక్కును ఎంతసేపు మూసికొనగలము?

అపొస్తలుడైన పౌలు సంఘమును శరీరముతో పోల్చినప్పుడు కన్నును చెవిని చెప్పి ఊరకుండలేదు. శరీరమంతయు వినుటకే అయినయెడల వాసన చూచుట యెక్కడ అని అడిగెను (1 కొరింథీ 12:17). విగ్రహములకు ముక్కులున్నను వాసన చూడలేవని కీర్తనకారుడు వాటిని పరిహసించెను (కీర్తన 115:6). వాసన చూడగలుగుట జీవముగల వారి లక్షణము. జలప్రళయము తరువాత నోవహు బలి అర్పించినప్పుడు దేవుడే ఆ సువాసనను ఆఘ్రాణించెనని మనుష్యుల భాషలో లేఖనము చెప్పుచున్నది (ఆదికాండము 8:21). దేవుని గూర్చి చెప్పుటకు తగిన క్రియను మనము శరీరాశ యని తీసివేయుట తగదు.

ఇక ఆ దినమున మా గుడిలోనికి వచ్చిన మట్టి వాసన సంగతి ఆలోచింతము. అది ఎక్కడనుండి వచ్చును? 1964లో ఆస్ట్రేలియా దేశములో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని పరిశోధించి, ఎండకాలములో మట్టియు రాళ్లును గాలిలోని నూనెవంటి పదార్థములను పీల్చుకొని దాచుకొనుననియు, తేమ తగిలినప్పుడు వాటిని విడిచిపెట్టుననియు వ్రాసిరి. 1965లో మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేయు ఒక పదార్థమునకు జియోస్మిన్ అని పేరు పెట్టిరి. ఆ గ్రీకు మాటకు మట్టి వాసన అనియే అర్థము. లక్షకోట్ల పాళ్లలో ఐదారు పాళ్లున్నను మనుష్యుని ముక్కు దానిని పసిగట్టగలదు. 2015లో అమెరికా శాస్త్రజ్ఞులు మిక్కిలి వేగముగా బొమ్మలు తీయు కెమెరాలతో చూడగా, చినుకు నేలను తాకినప్పుడు దాని అడుగున సన్నని గాలిబుడగలు పుట్టి, పైకి లేచి పగిలి, వాసనను గాలిలోనికి చిమ్ముట కనబడెను.

మన దేశమువారు ఈ వాసనను పరిశోధనకు ముందే ఎరుగుదురు. ఉత్తరప్రదేశములోని కన్నౌజులో కాల్చిన మట్టి పెంకులను రాగి పాత్రలలో నీటితో కాచి, ఆ ఆవిరిని గంధపు నూనెలో పట్టి, మట్టి అత్తరు చేయుదురు. ధనవంతులు కొను అత్తరును తొలకరి దినమున దేవుడు కూలివానికిని ఆసామికిని సమానముగా ఉచితముగా పంచుచున్నాడు.

యోబు భక్తుడు దీనినెరిగినవాడే. నరకబడిన చెట్టు వేరు నేలలో ముదిసిపోయినను, అడుగుమోడు మంటిలో చచ్చినను, నీటి వాసన తగిలినంతనే అది మరల చిగురు వేయునని ఆయన చెప్పెను (యోబు 14:7–9). నీరు ఇంకను వేరును చేరకముందే వాసన ముందుగా చేరును. తొలకరి వాసనకు రైతు హృదయము ఎందుకు లేచునో ఇందులో నున్నది. కడుపు నింపు పంట ఇంకను నాలుగు నెలల దూరములో నున్నది. అయినను రానున్న దానికి సాక్ష్యము ముక్కునకు అందినది. విశ్వాసము కూడ అట్టిదే గదా!

మరియొక సంగతి. ఈ వాసనలు మన కొరకు మాత్రమే చేయబడినవి కావు. మల్లె సాయంకాలమున విచ్చుకొని పరిమళించుట రాత్రి తిరుగు రెక్కల పురుగులను పిలుచుటకు. మట్టి వాసనకు నేలలోని దూకుడు పురుగులు ఆకర్షింపబడి, ఆ సూక్ష్మజీవుల బీజములను తమ శరీరములకు అంటించుకొని వేరుచోట్లకు చేరవేయునని 2020లో కనుగొనిరి. అనగా దేవుడు తన చిన్న ప్రాణులకు విందు చేయుచు, ఆ త్రోవను పోవు మనలను కూడ పంక్తిలో కూర్చుండబెట్టుచున్నాడు. ఇతరుల విందులో పిలుపు దొరికిన అతిథికి కృతజ్ఞత తప్ప వేరేమి తగును?

2. పెద్దాయన భయమునకు ఆధారము లేదా?

అయినను మా సంఘపెద్ద ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆయన భయమునకు లేఖనములలో ఆధారమున్నది. ప్రత్యక్షపు గుడారములో వేయుటకు పరిమళ ధూపద్రవ్యమును ఎట్లు కలుపవలెనో దేవుడే మోషేకు చెప్పెను. కాని దాని వాసన చూచుటకై అట్టిదానిని తనకొరకు చేసికొనువాడు ప్రజలలోనుండి కొట్టివేయబడునని కూడ చెప్పెను (నిర్గమకాండము 30:34–38). దేవుని సన్నిధికి చెందినదానిని ఇంటిలో తన సుఖమునకు వాడుకొనుట అక్కడి పాపము.

ఇస్సాకు కథ మీకు తెలిసినదే. కన్నులు మందగించిన తండ్రి చెవితో విని, ఇది యాకోబు స్వరమే యని అనుమానించెను. అయినను వస్త్రముల వాసన చూచి, అది యెహోవా ఆశీర్వదించిన చేని సువాసన వలె నున్నదని మెచ్చుకొని దీవించెను (ఆదికాండము 27:27). ఆ వాసన ఏశావుది, తొడిగికొన్నవాడు యాకోబు. చేని సువాసన నిజమైనదే, పాపము వాసనలో లేదు. ఒకని కష్టపు సువాసనను ఎరువు తెచ్చుకొని, దాని క్రింద తన మోసమును దాచుకొనుటలో పాపమున్నది.

యెరూషలేము స్త్రీల గర్వమును చూచి పరిమళమునకు బదులు కుళ్లు కలుగునని యెషయా హెచ్చరించెను (యెషయా 3:24). న్యాయము తప్పిన ప్రజల పండుగ కూటముల వాసనను తాను ఆఘ్రాణింపనని దేవుడు ఆమోసు ద్వారా పలికెను (ఆమోసు 5:21). బీదవాని కూలి ఎగగొట్టి, ఆ ధనముతో గుడికి పూలదండలు తెచ్చినను ఆ పూలకు దేవుని యెదుట వాసన లేదు.

కాబట్టి ప్రతి సువాసన విషయములో మనలను మనము రెండు ప్రశ్నలు అడుగుకొనవలెను. ఇది నన్ను కృతజ్ఞతాస్తుతికి నడిపించుచున్నదా, లేక నాలోని దేనినైనను కప్పిపుచ్చుచున్నదా? ఇది నన్ను నా పొరుగువానికి దగ్గర చేయుచున్నదా, దూరము చేయుచున్నదా? దేవుడు సృజించిన ప్రతిదియు మంచిదేననియు, కృతజ్ఞతతో పుచ్చుకొనినయెడల ఏదియు త్రోసివేయదగినది కాదనియు పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 4:4). పూల విషయములో మన సంఘములందు వేరు వేరు కట్టుబాట్లు గలవు. పూలు పెట్టుకొను సహోదరి పెట్టుకొనని సహోదరిని తృణీకరింపకూడదు. పెట్టుకొననిది పెట్టుకొనుదానికి తీర్పు తీర్చకూడదు. తలలో పెట్టుకొనినను పెరటిలో ఉంచినను, మల్లెకు వాసన నిచ్చినవాడు ఒక్కడే.

3. బేతనియలో రెండు వాసనలు

యోహాను సువార్తలో ఒకే ఊరిలో, ఒకే కుటుంబములో, రెండు వాసనల సంగతి వ్రాయబడినది. మొదటిది పదునొకండవ అధ్యాయములో. రాయి తీసివేయుడని ప్రభువు చెప్పగా, చనిపోయిన వాడు నాలుగు దినములవాడు గనుక ఇప్పటికి వాసన పుట్టియుండునని మార్త అడ్డు చెప్పెను. మార్త అవిశ్వాసురాలు కాదు. ఇంటి పనులెరిగిన స్త్రీ గనుక ఉన్నది ఉన్నట్లు చెప్పినది. ప్రభువు ఆ వాసనకు వెనుకంజ వేయలేదు. రాయి తీయించి, ఆ నోటి యెదుటనే నిలిచి లాజరును పిలిచెను.

రెండవది పండ్రెండవ అధ్యాయములో. అదే లాజరు భోజనపంక్తిలో కూర్చుండియున్నాడు. మరియ విలువగల జటామాంసి అత్తరును ప్రభువు పాదములకు పూయగా ఇంటినిండ ఆ పరిమళము వ్యాపించెను. ఆ జటామాంసి మన హిమాలయ పర్వతములలో పుట్టు చిన్న మొక్క వేరునుండి తీయబడినదని పండితులలో అనేకుల యభిప్రాయము. నేపాళము, సిక్కిము, ఉత్తరాఖండము ప్రాంతములలో మంచుకొండల ఎత్తున అది పెరుగును. పైకి చూచుటకు అల్పమైనది. సువాసన అంతయు నేలలో దాగిన నూగువేరులోనే యున్నది. మనుష్యులు ఆశకొలది త్రవ్వుట వలన నేడది అంతరించిపోవు ప్రమాదములో నున్నదని లెక్కించిరి. మన దేశపు కొండల వాసన ప్రభువు పాదములను తాకినదని తలంచునప్పుడు మన హృదయము పులకించును. ఆ మొక్కను మన పిల్లలకు మిగల్చవలెనన్న భారము కూడ కలుగును.

దాని వెల మూడువందల దేనారములని యూదా లెక్క కట్టెను. దేనారము ఒక కూలివాని దినపు కూలి (మత్తయి 20:2). అనగా దాదాపు సంవత్సరము కూలి ఒక్క గడియలో గాలిలో కలిసినది! బీదలకు ఇచ్చియుండకూడదా అని యూదా అడిగిన మాట పైకి ధర్మముగానే యున్నది. మనలో అనేకులము అదే మాట అందుము. ప్రభువు ఇచ్చిన ఉత్తరములో, బీదలు ఎల్లప్పుడు మీతోకూడ ఉందురన్న భాగమును మాత్రము జ్ఞాపకముంచుకొని, చేయి ముడుచుకొనుట మనకు అలవాటైపోయినది. ఆ మాట ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములోనిది. అక్కడ బీదలు దేశములో ఉండకపోరు గనుక నీ చేయి చాపుము అని ఆజ్ఞ కలదు (15:11). ప్రభువునకు అత్తరు పోసిన చేయియే బీదవానికి చాపబడు చేయి. సంచిలోనిది దొంగిలించు చేయి రెంటిలో దేనికిని పనికిరాదు.

మొదటి వాసనకు పారిపోని ప్రభువునకే రెండవ వాసన అర్పింపబడెను. ఈ రెంటిని విడదీయకూడదు. పరిమళము మాత్రమే కోరి కుళ్లునుండి పారిపోవువాడు బేతనియ ఇంటిలో సగము మాత్రమే చూచినవాడు.

4. చర్మకారుని యిల్లు

ఇప్పుడు ఆ వృద్ధురాలి సంగతి చెప్పెదను. వానదినమునకు మరునాడు ఆమె యింటికి పోయి, "పెద్దమ్మా, నిన్న ఎందుకేడ్చితివి?" అని అడిగితిని.

"అయ్యగారూ, పోయిన ఏడు మే నెలలో నాకు కరోనా వచ్చింది గదా. ప్రాణం దక్కింది గాని వాసన పోయింది. ఏడాదిపైగా మంచి లేదు, చెడ్డ లేదు. అన్నం మాడినా తెలిసేది కాదు. మామిడిపండు తిన్నా గడ్డి నమిలినట్టే. అదంతా ఓర్చుకున్నాను. మా మనవరాలి తలకాయ వాసన తెలియలేదే, దానికి ఏడ్చేదాన్ని. నిన్న వాన వాసన వచ్చింది. ప్రభువు తలుపు తీశాడనుకున్నాను" అని చెప్పెను.

ఆ రోగము ముక్కులోని వాసన నరములకు ఆసరాగా నుండు కణములను పాడుచేయునని వైద్యులు చెప్పుదురు. 2020, 2021 సంవత్సరములలో లోకమంతట లెక్కలేనంతమంది ఈ వరమును పోగొట్టుకొని, పోయిన తరువాత దాని విలువ నెరిగిరి. మన ముక్కులో వాసనలను పట్టుకొను గ్రాహకములు సుమారు 400 రకములు గలవు. వాటి పనిని కనిపెట్టినందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అను ఇద్దరికి 2004లో నోబెల్ బహుమానము లభించెను. ఇంత పనితనము గల వరమునకు ఒక్కనాడైనను స్తోత్రము చెప్పనివారము మనము; ఆమె చెప్పినది.

పిమ్మట ఆమె తన తండ్రిని గూర్చి చెప్పెను. ఆయన తోలు ఊనువాడు. ఇంటి వెనుక సున్నపు గుంటయు, తంగేడు చెక్క నానవేసిన తొట్టియు ఉండెడివి. ఆ దారిని పోవువారు పైపంచె ముక్కునకు అడ్డము పెట్టుకొనెడివారు. బడిలో ఆమెను దూరముగా కూర్చుండబెట్టిరి. "మా నాయన సాయంత్రం రాగానే రొమ్ములో మొహం పెట్టేదాన్ని. ఊరికి అది కంపు. నాకు అది మా నాయన వాసన. అది ఉన్న రోజు మా యింట్లో అన్నం ఉన్నట్టు" అని చెప్పెను.

సహోదరులారా, పేతురు యొప్పేలో బహుదినములు ఎవరి యింట నుండెను? చర్మకారుడైన సీమోను ఇంట (అపొ. కార్య. 9:43). యూదులు ఆ వృత్తిని హీనముగా ఎంచెడివారు. చచ్చిన పశువుల తోళ్ల వాసన కొట్టు ఆ యింటి మిద్దె మీదనే, ఏ మనుష్యుడును నిషేధింపదగినవాడని గాని అపవిత్రుడని గాని చెప్పకూడదని దేవుడు పేతురునకు నేర్పెను. ఈ పాఠమును నేర్పుటకు ధూపము వేయు దేవాలయమును గాక, తోలు ఆరవేయు ఇంటిని దేవుడు ఎన్నుకొనెను. ఆ యింటి గాలిని పీల్చుచు నిద్రించినవాడే కొర్నేలీ గడప దాటగలిగెను.

మన ప్రాంతపు సంఘచరిత్రయు అట్టిదే. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3వ తేదీన వేలంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు తోలుపనియు కూలిపనియు చేసికొను కుటుంబములవారు. ముక్కు మూసికొని లోకము దాటిపోయిన వారిని ప్రభువు పేరుపెట్టి పిలిచెను. అట్టి పితరుల పిల్లలమైన మనము, కాలువలు బాగుచేయువాడును చేపల గంప దించి వచ్చిన స్త్రీయు గుడిలో కూర్చుండగా, చాప ప్రక్కకు లాగికొనుట న్యాయమా?

5. ముక్కు ఉన్నప్పుడే అర్పణ

నా తప్పును ఇక్కడ ఒప్పుకొనవలెను. ఆ సంవత్సరము మా సంఘములో ఒక ముసలాయన మంచము పట్టియుండెను. మధుమేహము వలన కాలి పుండు కుళ్లి, ఆ గదిలో నిలువలేనంత దుర్వాసన వచ్చుచుండెను. నేను చూడబోయినప్పుడు గడప దగ్గరనే నిలిచి, రుమాలు ముక్కునకు పెట్టుకొని, రెండు మాటలలో ప్రార్థన ముగించి వచ్చితిని. ఆయన కన్నులు నా రుమాలు వైపు చూచుట నేను మరువలేకున్నాను.

ప్రతి ఉదయము ఆ పుండు కడిగి కట్టు కట్టుచుండినది ఈ వృద్ధురాలే. అప్పుడామె నవ్వుచు, "ప్రభువు ఇందుకే నా ముక్కు మూశాడేమో అయ్యగారూ" అనెడిది. మేమందరము అట్లే అనుకొని, ఆ పని ఆమెకు విడిచి, సంతృప్తిపడితిమి.

వానదినమున ఆమెకు వాసన తిరిగి వచ్చెను గదా. ఇక ఆ గదికి ఎట్లు పోవునో యని నేను తలంచితిని. మరునాడు ఆమె యింటినుండి బయలుదేరునప్పుడు, "పెద్దమ్మా, ఈ పూట ఆ మంచము దగ్గరకు పోయితివా?" అని మెల్లగా అడిగితిని. ఆమె చెప్పిన మాట ఇది: "పోయాను అయ్యగారూ. గుమ్మంలో కడుపు తిప్పింది. వెనక్కి తిరిగాను కూడా. మళ్లీ అనుకున్నాను, ఇన్నాళ్లు నేను చేసింది ఏముంది, నాకు ముక్కే లేదు. ఇవాళ ముక్కుతో పోతున్నాను. ఇవాళే నేను ప్రభువుకు ఏమైనా ఇచ్చేది."

నేను మారు పలుకలేకపోతిని. వెల యియ్యక తీసికొన్నదానిని దేవునికి అర్పింపనని దావీదు అరౌనాతో చెప్పిన మాట (2 సమూయేలు 24:24) నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో! దాని యర్థమును చదువురాని ఆ తల్లి నాకు బోధించినది.

మా సంఘపెద్ద ప్రశ్నకు ఉత్తరము నాకు అక్కడ దొరికెను. వాసన చూచుట శరీర సంబంధమైనదే. అయితే ఆ వరము లేనివానికి తొలకరి సంతోషము లేదు. పుండు కడుగుటలో త్యాగమును లేదు. మల్లెపూవుకు ఆనందించు ముక్కే రోగి మంచము దగ్గర బాధపడును. దేవుడు ఒకే ద్వారమును పెట్టి, దానిగుండ కృతజ్ఞతయు కనికరమును రావలెనని కోరుచున్నాడు. సువాసనను అనుభవింపక ముక్కును చంపుకొనువాడు పరిశుద్ధుడగుట లేదు. దుర్వాసనకు పారిపోవువాడు వరమును సగములో తిరిగి ఇచ్చివేయుచున్నాడు.

క్రొత్త నిబంధనలో దేవునికి సువాసన యని చెప్పబడినవి ఏవో గమనింపుడి. క్రీస్తు మనకొరకు తన్నుతాను అప్పగించుకొనుట (ఎఫెసీ 5:2). చెరలో నున్న పౌలునకు ఫిలిప్పీ సంఘము ఎపఫ్రొదితు చేత పంపిన సహాయము (ఫిలిప్పీ 4:18). పరిశుద్ధుల ప్రార్థనలు పాత్రలలోని ధూపముగా చెప్పబడినవి (ప్రకటన 5:8). మనము కూడ క్రీస్తు సువాసనయై యున్నామని పౌలు చెప్పెను (2 కొరింథీ 2:15). ఆ తల్లి ప్రతి ఉదయము ఆ కుళ్లిన గదిలోనికి పోయినప్పుడు, పరలోకములో ఏ వాసన చేరినదో నేను ఊహింపగలను.

ఆ మాటను మా సంఘపెద్దకు చెప్పితిని. ఆయన చాలసేపు మౌనముగా నుండిరి. ఆ వారమునుండి, ఒక దినము విడిచి ఒక దినము, వేడినీళ్లును సబ్బును పట్టుకొని ఆయన ఆ గదికి వెళ్లసాగిరి. నేనును రుమాలు ఇంట విడిచి వెళ్లితిని. మొదటి దినమున నాకు కష్టమాయెను, అబద్ధమాడను. ఆ ముసలాయన ఆ సంవత్సరము క్రిస్మసునకు ముందు ప్రభువునందు నిద్రించిరి. సమాధి దినమున సంఘపెద్ద తన పెరటిలోని మరువమును దోసెడు కోసి తెచ్చి, చనిపోయినవాని చేతుల మీద ఉంచిరి. ఎవరును ఏమియు అడుగలేదు.

ప్రియ చదువరులారా, ఈ నెలలో మూడు పనులు చేయుడి. మొదట, ఉదయమున లేచి వాకిట నిలిచినప్పుడు ఒక్క ఊపిరిని ఎరిగి పీల్చి స్తోత్రము చెప్పుడి. అది వేపపూత కావచ్చును, గడ్డివాము కావచ్చును, పొయ్యిమీద పొంగు గంజి కావచ్చును. రెండవదిగా, గుడి ఆవరణలో ప్లాస్టికు చెత్తను కాల్చుట మానుడి. దానికి బదులు ఒక మల్లెతీగెయో నిమ్మమొక్కయో నాటి, నీరు పోయుట పిల్లలకు అప్పగింపుడి. మూడవదిగా, వాసన చేత మనుష్యులు దూరమైపోయిన ఇల్లు మీ పల్లెలో ఒకటి ఉండును. అది మీకు తెలియును. అక్కడికి వెళ్లి, గడప దాటి, కూర్చుండుడి.

ప్రార్థన: మా నాసికలలో ఊపిరి ఊదిన తండ్రీ, తొలకరి వాసనకును, పూల వాసనకును, పసిబిడ్డల తల వాసనకును నీకు స్తోత్రములు. మేము మూసికొన్న ముక్కులను క్షమించుము. నీ కుమారుడు లాజరు సమాధి యెదుట నిలిచినట్లు, మేము పారిపోయిన గడపల యెదుట నిలుచు కృప మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.